చేతి పనికి లైసెన్సు – మన బొగ్గుబావుల ప్రాంతంలో దాని కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసివ్వమని మన సంఘ కార్యదర్శి గారు అడిగారు. గనుల చరిత్ర రాయడానికి నాకన్నా తెలిసినవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. కరువు భత్యం, పే రివిజన్ల సంగతి ప్రతి సంచికలోనూ వస్తూనే ఉంది. కాబట్టి మన ఇళ్లకు వచ్చి కరెంటు, నల్లా, తలుపులు, గేట్లు బాగుచేసి పోయే మనుషుల గురించి, వాళ్ల మీద సర్కారు పెట్టిన షరతుల గురించి నాలుగు మాటలు రాస్తాను. ఉద్యోగ కాలంలో కొన్నేళ్లు ఆ కాగితాలతోనే నా పని గడిచింది. అందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. దాన్ని దాచకుండా చెబుతాను.

గోదావరిఖనిలో క్వార్టరులో ఉండి రిటైరైన ప్రతి కుటుంబానికీ ఒక అనుభవం తెలుసు. క్వార్టరులో ఉన్నన్నాళ్లు నల్లా కారినా, ఫ్యూజు పోయినా కంప్లైంటు పుస్తకంలో రాసి వస్తే చాలు, ఆలస్యమైనా సరే మనిషి వచ్చేవాడు. క్వార్టరు ఖాళీ చేసి సొంత ఇంట్లోకో, కిరాయి ఇంట్లోకో మారిన నెలకే తెలుస్తుంది, ఇక మన మనిషిని మనమే వెతుక్కోవాలని. అప్పుడు చౌరస్తా దగ్గర పొద్దున్నే నిలబడే అడ్డా గుర్తుకొస్తుంది.

అలా వచ్చే మనిషికి మన భాషలో ఒకే పేరు లేదు. పనిని బట్టి కరెంటాయన అంటాం, నల్లా ఆయన అంటాం, సుతారి అంటాం, వడ్లాయన అంటాం. నిజానికి ఈ నాలుగు పనులూ ఒక్కడే చేసే సందర్భాలు ఎన్నో. చట్టం కూడా మనలాగే చేసింది. మనిషిని మొత్తంగా చూసి ఒక లైసెన్సు ఇవ్వలేదు. అతను చేసే ఒక్కో పనికి ఒక్కో దారి పెట్టింది. కొన్నింటికి పర్మిట్ అడిగింది, కొన్నింటికి పన్ను అడిగింది, కొన్నింటిని అసలు పట్టించుకోలేదు.

మొదటి కాగితం పన్ను రసీదు

గనులు రాకముందు ఈ ప్రాంతమంతా గోదావరి ఒడ్డు పల్లెలే. నేటి గోదావరిఖని పక్కన ఉన్న జనగామ అలాంటి పాత ఊరే. ఆ పల్లెల్లో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఊరి కట్టుబాటు ప్రకారం పని చేసేవారు. నాగలి బాగుచేసినందుకు వడ్రంగికి రోజు కూలి ఉండేది కాదు. పంట చేతికొచ్చాక కల్లం దగ్గర గింజలు కొలిచేవారు. ఫలానా ఊరి పని ఫలానా ఇంటివారిదని అందరికీ తెలుసు. బయటివాడు వచ్చి చేయడానికి వీలుండేది కాదు. కాగితం లేదన్న మాటే గాని అదీ ఒక లైసెన్సే. పుట్టుకతో వచ్చేది, పని రాకపోయినా పోనిది, పని వచ్చినా ఇంకొకరికి దొరకనిది.

ప్రభుత్వం వైపు నుంచి చేతిపనివాడికి అందిన తొలి కాగితం నైపుణ్యానికి సంబంధించినది కాదు. దక్కనులోనూ, మద్రాసు రాజధానిలోనూ మొహతర్ఫా అనే వృత్తి పన్ను ఉండేది. మగ్గానికి, కొలిమికి, అంగడికి ఇంత అని వసూలు చేసేవారు. పని బాగా వచ్చా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు, పన్ను కట్టాడా లేదా అన్నదే చూశారు. ఆ వాసన తర్వాతి కాలంలోనూ పోలేదు. మన రాష్ట్రంలో 1987లో వృత్తి పన్ను చట్టం వచ్చింది. రాజ్యాంగంలోని 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 250 రూపాయలు మించకూడదన్న ఆ పన్ను హద్దును 1988లో 60వ సవరణ ద్వారా 2,500 రూపాయలకు పెంచారు. ఆ కోత మన జీతం బిల్లుల్లో ప్రతి నెలా కనిపించేదని సోదర సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

రాజ్యాంగం ఇంకో మాట కూడా చెప్పింది. 19వ అధికరణం ఏ వృత్తినైనా చేసుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఇచ్చింది. అదే అధికరణంలోని ఆరో క్లాజు ఆ వృత్తికి కావలసిన సాంకేతిక అర్హతలను చట్టం ద్వారా నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఊరి కట్టుబాటు పోయి అర్హత అనే మాట వచ్చింది ఇక్కడే. పుట్టుకను బట్టి కాక, పని వచ్చినవాడికి పని. మంచి మాటే. అయితే పని వచ్చిందని ఎవరు చెప్పాలి, ఏ కాగితం మీద చెప్పాలి అన్న దగ్గరే చిక్కంతా వచ్చింది.

బాయి లోపల ఒక లెక్క, బయట ఒక లెక్క

ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ గుర్తించారు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరుతో నమోదైంది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో ఎక్కువ వాటా కొన్నది. మన గోదావరిఖని గనులు 1960ల నాటివి. గని వచ్చాకే ఆ పేరుతో ఊరు వచ్చింది. వెనువెంటనే రామగుండంలో విద్యుత్ కేంద్రం, బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ, 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం వచ్చాయి. 1978 నవంబరు 14న నాటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన ఎన్.టి.పి.సి. కేంద్రం 1983 నుంచి కరెంటు ఇవ్వసాగింది.

బొగ్గుబాయి లోపల కాగితం లేకుండా పని లేదు. 1952 గనుల చట్టం, దాని కింద 1957లో వచ్చిన బొగ్గు గనుల నియమావళి ప్రకారం ఓవర్‌మన్‌కు, సర్దారుకు, షాట్‌ఫైరర్‌కు, గనిలోకి మనుషులను దించే వైండింగ్ ఇంజను డ్రైవరుకు పరీక్ష పాసైన సర్టిఫికేట్ ఉండాలన్నది అప్పటి నియమం. 1966లో వచ్చిన వృత్తి శిక్షణ నియమాల తర్వాత కొత్తగా చేరినవాడిని శిక్షణ లేకుండా దించకూడదు. ఈ షరతులు ఎవరో దఫ్తరులో కూర్చుని సరదాకు పెట్టినవి కావు. గనుల్లో పోయిన ప్రాణాలు నేర్పిన పాఠాలవి.

అదే మనిషి షిఫ్టు దిగి స్నానం చేసి, సాయంత్రం బస్తీలో ఎవరింట్లోనో కొత్త గదికి వైరింగు లాగేవాడు. అక్కడ అడిగేవాడు లేడు. లోపల అంత కట్టుదిట్టంగా ఉన్న ఊరే, పైకి వచ్చేసరికి అంత వదులుగా ఉండేది. విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం కట్టే రోజుల్లో మన చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్లు ఎంతోమంది హెల్పర్లుగా చేరి వెల్డింగు, పైపు పని, వైరింగు కళ్లతో చూసి, చేతులతో నేర్చుకున్నారు. కట్టడం పూర్తయ్యాక పని పోయింది, చేతిలో విద్య మిగిలింది. కాగితం మాత్రం రాలేదు. 1999లో ఎరువుల కర్మాగారం మూతపడినప్పుడు మళ్లీ అదే జరిగింది.

నలభై అయిదో నిబంధన

అన్ని పనుల్లోకీ చట్టం గట్టిగా పట్టుకున్నది కరెంటు పనినే. 1910 విద్యుత్ చట్టం కింద 1956లో వచ్చిన భారత విద్యుత్ నియమాల్లో 45వ నిబంధన మా టేబుల్ మీద కంఠతా ఉండేది. దాని సారాంశం మూడు మెట్లు. వైరింగు పని చేపట్టే కాంట్రాక్టరుకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. పనిని దగ్గరుండి చూసే సూపర్‌వైజరుకు యోగ్యతా సర్టిఫికేట్ ఉండాలి. చేత్తో పని చేసే వైర్‌మన్‌కు పర్మిట్ ఉండాలి. ఈ మూడూ లేకుండా చేసిన వైరింగుకు కరెంటు ఇవ్వకూడదు.

చాలామందికి తెలియని సంగతి, ఇదే నిబంధన కొంత సడలింపు కూడా ఇచ్చింది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివి పాతది తీసి కొత్తది పెట్టడానికి పర్మిట్ అక్కరలేదు. కాని ఆ మార్పు వల్ల వైరింగు శక్తి గాని, స్వరూపం గాని మారకూడదు. అంటే పాడైన స్విచ్చి మార్చినవాడు తప్పు చేయలేదు. కూలరు కోసమని కొత్త పాయింటు లాగినా, బోరు మోటారుకు లైను వేసినా అది పర్మిట్ పని. మనకు రెండూ ఒకటే మాదిరిగా కనిపిస్తాయి. స్విచ్చి మార్చడానికి వచ్చినవాడిని, ఎట్లాగూ వచ్చావు కదా, ఆ పాయింటు కూడా వేసి పో అంటాం. గీత దాటేది పనివాడే అయినా, దాటించేది మనమే.

నిబంధన ఎంత గట్టిదైనా ఊళ్లో ఒక దొడ్డిదారి ఏర్పడింది. కొత్త కనెక్షనుకు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు సంతకంతో టెస్టు రిపోర్టు కావాలి. లైసెన్సులు కొద్దిమంది దగ్గరే ఉండేవి. పని చేసేది ఒకరు, సంతకం పెట్టేది మరొకరు. సంతకానికి ఒక రేటు. ఇంటి యజమానికి కనెక్షను వస్తే చాలు, కాంట్రాక్టరుకు పైసలు వస్తే చాలు. నిజంగా గోడ ఎక్కినవాడి పేరు ఏ కాగితం మీదా ఉండేది కాదు.

నేను తిప్పి పంపిన అర్జీ

1980ల నడుమ నేను పనిచేసిన కార్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. అర్జీలు పరిశీలించి, సరిగ్గా ఉంటే పైకి పంపడం, లేకుంటే రిమార్కు రాసి తిప్పి పంపడం నా పని. 1986లో ముప్పై ఏళ్ల మనిషి ఒకడు వైర్‌మన్ పర్మిట్ కోసం అర్జీ తెచ్చాడు. అనుభవ ధ్రువపత్రం లేదు. అదే రిమార్కు రాసి ఇచ్చాను.

"సార్, పన్నెండేండ్ల సంది ఇదే పని చేస్తున్న. బాయిల కరెంటు పని చేసే మా బావ దగ్గర నేర్చుకున్న. అనుభవం కాగితం నాకు ఎవలిస్తరు సార్?" అని అడిగాడు.

"లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ఇవ్వాలి" అన్నాను. నిబంధన అదే. ఏ కాంట్రాక్టరును అడగాలో, ఏ మాటలతో రాయించుకోవాలో చెప్పలేదు. రెండోసారి ఆ కాగితం ఎట్లాగో సంపాదించుకొచ్చాడు. అందుకు ఎంత ఇచ్చుకున్నాడో నేను అడగలేదు. అప్పుడు పుట్టిన తేదీ రుజువు లేదని తిప్పి పంపాను. రెండు లోపాలూ మొదటి రోజే నా కంటికి కనిపించాయి. ఒక్కసారే రెండూ రాసి ఇచ్చి ఉండవచ్చు. ఒక లోపం కనపడగానే ఫైలు మూయడం మా అలవాటు. మూడోసారి అతను రాలేదు.

1988 వానాకాలంలో అతని భార్య మా ఆఫీసుకు వచ్చింది. ఒక ఇంట్లో బోరు మోటారుకు లైను వేస్తూ, తడి గోడ మీద షాకు కొట్టి సజ్జ మీద నుంచి పడ్డాడట. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి పనికి రాకుండా పోయింది. ఆ ఇంటి వైరింగుకు సంతకం పెట్టిన కాంట్రాక్టరు, ఆ మనిషి ఎవరో నాకు తెలియదన్నాడు. ఇంటాయన వంద రూపాయలు చేతిలో పెట్టి పంపాడు. ఆమె నా టేబుల్ ముందు నిలబడి, "సారూ, మీరు అడిగిన ఆ కాగితాలన్నీ ఉంటే ఇప్పుడు ఏమన్న పైసలొస్తుండెనా?" అని అడిగింది.

ఆ రోజు నాకు జవాబు తెలియదు. సాయంత్రం చట్టాల పుస్తకం తీసి చూశాను. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో కార్మికుడు అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే ఒక మినహాయింపు ఉంది. అప్పుడప్పుడు దొరికే పని, అదీ యజమాని వ్యాపారంతో సంబంధం లేని పని చేసేవాడు ఆ చట్టం కింద కార్మికుడు కాడు. ఇంటికి పిలిచి చేయించుకున్న పని సరిగ్గా అదే. కాంట్రాక్టరు దగ్గర జీతానికి పనిచేస్తూ, ఆ కాంట్రాక్టరు పుస్తకాల్లో పేరు ఉండి ఉంటే దారి వేరు. పర్మిట్ ఒక్కటే ఉంటే పైసా రాదు. పర్మిట్ ఉన్నవాడికి కాంట్రాక్టరు దగ్గర ఖాయంగా పని దొరికేది. అక్కడ పేరు పుస్తకానికి ఎక్కేది. పేరు ఎక్కితే పరిహారం వచ్చేది. ఆ గొలుసులో మొదటి కొక్కెం నా టేబుల్ మీద తెగింది. నేను నిబంధన తప్పలేదు. కాని నిబంధన తప్పకపోవడం, పని చేయడం ఒకటి కావని అప్పుడు తెలిసింది.

ఆ మినహాయింపును 2000 సంవత్సరపు సవరణ చట్టంతో తీసేశారు. 2009 సవరణతో చట్టం పేరులో కార్మికుడికి బదులు ఉద్యోగి అనే మాట వచ్చింది. ఆ ఇంటికి మాత్రం పన్నెండేళ్లు ఆలస్యమైంది.

మిగతా పనుల సంగతి

కరెంటు తర్వాత చట్టం గట్టిగా చూసింది తూకాలను. అంగట్లో తక్కెడ, కాటా రిపేరు చేసేవాడికి తూనికలు, కొలతల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. 1985 అమలు చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2009 లీగల్ మెట్రాలజీ చట్టంలోనూ ఆ షరతు ఉంది. అయిదు గ్రాముల తేడా కొన్నవాళ్లందరినీ ముంచుతుంది కాబట్టి అది సబబే. కత్తులకు సాన పట్టేవాడికి, తాళం చెవులు చేసేవాడికి అలాంటి పరీక్ష లేదు.

రిపేరు షాపు పెడితే దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు కావాలి. మన రాష్ట్రంలో అది 1966లో ఒకటి, 1988లో మరొకటి వచ్చాయి. వెల్డింగు షాపు వంటివాటికి మున్సిపాలిటీ లైసెన్సు వేరు. ఇవన్నీ స్థలానికీ, చప్పుడుకూ, నిప్పుకూ సంబంధించినవి. పనితనానికి సంబంధించినవి కావు. గోడకు తగిలించిన లైసెన్సు చూసి పనిమంతుడని అనుకోకూడదు.

ఇరవై మంది లేదా అంతకన్నా ఎక్కువ మందిని పెట్టి పని చేయించే కాంట్రాక్టరుకు 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం లైసెన్సు పెట్టింది. మన ప్రాంతంలో పెద్ద పనులన్నిటికీ ఆ చట్టం తెలిసినదే. ఇంటింటికీ తిరిగే ఒంటరి పనివాడికి అది అందలేదు.

దేశం దాటితే

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయినవారు లేని బస్తీ లేదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం తర్వాత ఆ ప్రయాణానికి పద్ధతులు ఏర్పడ్డాయి. అక్కడి కంపెనీవాళ్లు బొంబాయిలో పని పరీక్ష పెట్టి చూసేవారు. ఐ.టి.ఐ. సర్టిఫికేట్ ఉన్నవాడికి ఒక జీతం, లేనివాడికి ఒక జీతం. పదేళ్లు ఊళ్లో వెల్డింగు చేసినా దొరకని గుర్తింపు, ఒక్క పూట పరీక్షతో అక్కడ దొరికింది. చేసి చూపించమనడం న్యాయమైన పరీక్ష. ఎవరినో బతిమాలి తెచ్చుకునే ధ్రువపత్రం కన్నా నయం.

మన పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు. అక్కడ రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో కూలీ, సామాను కలిపి 500 డాలర్లలోపు చిన్న పనికి కాంట్రాక్టరు లైసెన్సు అక్కరలేదని చాలా ఏళ్లు ఉండేది. 2025 జనవరి 1 నుంచి ఆ హద్దు 1,000 డాలర్లయింది. పర్మిట్ తీసుకోవలసిన పనికీ, కూలీని పెట్టుకుని చేసే పనికీ ఆ సడలింపు లేదు. మన 45వ నిబంధన పనిని చూసి గీత గీస్తే, వాళ్లు ముందు పైసలను చూసి గీశారు. చిన్న పనివాడి బతుక్కి అడ్డం రాకూడదు, ప్రాణం మీదికి తెచ్చే పని తెలియనివాడి చేతిలో పడకూడదు అన్న ఆలోచన మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇప్పటి కాగితాలు

1956 విద్యుత్ నియమాల స్థానంలో 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమావళి వచ్చింది. 2023లో దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. మాటలు మారాయి గాని కాంట్రాక్టరు, సూపర్‌వైజరు, వైర్‌మన్ అనే మూడు మెట్లు పోలేదు.

1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. కట్టడం ఒక్కటే కాదు, మార్పులు, రిపేర్లు, నిర్వహణ కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, అంతకు ముందు పన్నెండు నెలల్లో 90 రోజులు పని చేసినవాడు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చని అందులో రాశారు. అంటే మన ఇంటికి వచ్చే సుతారి, ప్లంబరు, పెయింటరు, కరెంటాయన అందరూ అర్హులే. ఆ సంగతి వాళ్లలో సగం మందికి తెలియదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌లు ఈ పాత చట్టాల చోటు తీసుకున్నాయి. సంక్షేమ మండళ్లను మాత్రం కొత్త కోడ్ కూడా ఉంచింది.

2015 నుంచి కేంద్ర నైపుణ్య పథకంలో, అనుభవంతో నేర్చుకున్న విద్యను పరీక్షించి సర్టిఫికేట్ ఇచ్చే ఏర్పాటు వచ్చింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ, తాళాల పనివాడు అందులో ఉన్నారు. కరెంటు పనివాడు, ప్లంబరు లేరు. చదువుకున్న మనమే ఈ తేడాలు తెలియక తికమకపడితే, అడ్డా మీద నిలబడేవాడి సంగతేమిటి?

పాఠకులు మూడు కాగితాలను కలగలపకుండా గుర్తుంచుకోవాలి. పర్మిట్ పని వచ్చని చెబుతుంది. సంక్షేమ మండలి కార్డు కష్టకాలంలో కుటుంబానికి ఆసరా. పుస్తకంలో పేరు ఉండటం పరిహారానికి ఆధారం. ఒకటి ఉంటే మిగతావి ఉన్నట్టు కాదు.

సభ్యులకు రెండు మనవులు. మొదటిది, ఇంట్లో కొత్త లైను, మోటారు, మీటరు మార్పు వంటి పని ఉంటే వైర్‌మన్ పర్మిట్, దాని గడువు తేదీ చూపించమని అడగండి. అడగడం అవమానించడం కాదు. మెయిన్ స్విచ్చి ఆపించి, ఎర్తింగు సరిచూపించి, తడి ఆరాకే పని మొదలుపెట్టనివ్వండి. రెండు వందలు తగ్గించుకోవడానికి తొందరపెట్టకండి.

రెండోది, మనమంతా జీవితమంతా ఫారాలు నింపినవాళ్లం, నింపించినవాళ్లం. ఏ గడిలో ఏమి రాయాలో, ఏ కాగితం జతపరచాలో మనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. మీ ఇంటికి వచ్చిన పనివాడిని, కార్డు ఉందా అని ఒక్క మాట అడగండి. లేకుంటే కూర్చోబెట్టి ఫారం నింపి ఇవ్వండి. లోపాలు ఎన్ని ఉంటే అన్నీ ఒక్కసారే చెప్పండి. నేను రిటైరైనప్పటి నుంచి వారానికి ఒక పూట ఈ పనికే ఉంచుకున్నాను. ఎంతమందికి నింపానో లెక్క పెట్టలేదు. తిప్పి పంపిన ఆ ఒక్క అర్జీ మాత్రం లెక్కలో ఉంది.

ఆ ఇల్లాలికి 1988లో జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆమెకు చేరదు. మన సభ్యుల్లో పదిమంది ఇళ్లకు వచ్చే పనివాళ్లకైనా దీనివల్ల కాగితం చేరితే, రాసిన శ్రమ వృథా కాలేదనుకుంటాను.